మధురపూడి నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరాయంటే గోదావరి జిల్లాల ఇళ్ళల్లో పెట్టెలు సర్దుడు మొదలవుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు కొందరు, సెలవు అయిపోయి కువైట్‌కో మస్కట్‌కో తిరిగి వెళ్ళేవాళ్ళు కొందరు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమానం దూరం గురించి, పట్టే టైము గురించే. అందుకని పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడండి. రాజమండ్రి నుంచి అక్కడికి పద్నాలుగున్నర వేల కిలోమీటర్లని ఫోన్లో చూపిస్తోంది. విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందంటారు కదా, ఆ లెక్కన పదహారు గంటలు చాలు. టికెట్టు మీద చూస్తే 28 గంటల 40 నిమిషాలని ఉంది. మిగతా పన్నెండు గంటలూ ఎక్కడికి పోయినట్టండీ? (అమలాపురం)

జవాబు: దూరం మీ ఫోను సరిగ్గానే చెప్పింది. కాగితం మీద మీరే తేల్చుకోవచ్చు కూడా, ఎందుకంటే రాజమండ్రికీ డల్లాస్‌కీ భూగోళం మీద ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం తూర్పు రేఖాంశం 81.8 డిగ్రీల మీద ఉంది. డల్లాస్ విమానాశ్రయం పశ్చిమ రేఖాంశం 97 మీద ఉంది. రెండూ కలిపితే 178.8. అంటే ఒకటి గోళానికి ముందువైపు ఉంటే రెండోది దాదాపు సరిగ్గా వెనకవైపు. అలాంటి ఊళ్ళ మధ్య దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. మధురపూడి అక్షాంశం 17.1, డల్లాస్‌ది 32.9. ఈ రెండింటినీ 180లోంచి తీసేస్తే 130 డిగ్రీలు మిగులుతాయి. డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వేసుకోండి, 14,456 వస్తుంది. ఈ గీత ధ్రువానికి 130 కిలోమీటర్ల పక్క నుంచి పోతుంది. అమలాపురం నుంచి విశాఖ కూడా అంతకన్నా దూరమే.

గోడ మీద పటం చూసి డల్లాస్ పడమర దిక్కున ఉందనుకుంటాం. పటంలో స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ గీత పట్టుకుని నిజంగా ప్రయాణం చేస్తే దాదాపు 18,000 కిలోమీటర్లు అవుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరచడంలో వచ్చిన మోసం అది. నమ్మకం కుదరకపోతే పిల్లల గ్లోబు తీసుకుని రెండు ఊళ్ళ మధ్యా దారం బిగించి చూడండి. అదే దారాన్ని భూమధ్యరేఖ చుట్టుకొలతతో పోల్చండి, చుట్టుకొలత మొత్తం 40,000 కిలోమీటర్లు. అడ్డంగా 30 సెంటీమీటర్లుండే గ్లోబు మీద దారం 34 సెంటీమీటర్లు వస్తుంది.

ఇక మీ పన్నెండు గంటల సంగతి. మధురపూడిలో ఎక్కి డల్లాస్‌లో దిగే విమానం లేదు. హైదరాబాదు, దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి అంచె 360 కిలోమీటర్లు, రెండోది 2,550, మూడోది 12,920. మొత్తం 15,830. సూటి దారి కన్నా ఎక్కువయ్యేది 1,400 కిలోమీటర్లే, గంటన్నర పని. కాబట్టి మీ గంటలు దూరం వల్ల పోలేదు. మీ టికెట్టునే విడగొట్టి చూడండి. హైదరాబాదుకి గంటా పది నిమిషాలు, అక్కడ నాలుగు గంటల కాపలా, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడున్నర గంటల కాపలా, డల్లాస్‌కి పదహారు గంటలు. కూడితే 28.40 సరిపోయింది. ఇందులో ఏడున్నర గంటలు కుర్చీల్లో కూర్చున్నవే. టికెట్టు మీద లేనివి ఇంకా ఉన్నాయి. అమలాపురం నుంచి మధురపూడికి కారులో రెండున్నర గంటలు, విమానానికి రెండు గంటల ముందు చేరడం, డల్లాస్‌లో ఇమిగ్రేషను, పెట్టెలు వచ్చేసరికి గంటన్నర. గుమ్మం దాటింది మొదలు మీ అబ్బాయి కారు ఎక్కేదాకా 34 గంటల 40 నిమిషాలు. గాల్లో ఉన్నది 21 గంటలు.

గాల్లో గంటలైనా 900తో భాగిస్తే తేలవు. 35,000 అడుగుల మీదికి చేరాకే ఆ వేగం వస్తుంది. టికెట్టులో టైము విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి రెండో చోట గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చక్కర్లు కొట్టడం అన్నీ అందులోవే. జెట్ విమానానికైతే కిలోమీటర్లని 850తో భాగించి అరగంట కలుపుకోండి. దుబాయ్ నుంచి డల్లాస్‌కి 12,920ని అలా లెక్కిస్తే 15 గంటల 40 నిమిషాలు వస్తుంది, అసలుకి దగ్గరే. పడమటికి వెళ్ళేటప్పుడు ఇంకో పావుగంటో అరగంటో వేసుకోండి. రాజమండ్రి, హైదరాబాదు మధ్య తిరిగే ఏటీఆర్ లాంటి పంకాల విమానానికి 500తో భాగించాలి. 360 కిలోమీటర్లకి ముక్కాలు గంట, దానికి అరగంట. ఆ గంటంపావు దూరాన్ని బట్టి వచ్చింది కాదు, సగం దాకా ఎక్కడం దిగడంలోనే పోతుంది.

టికెట్లు వెతికేటప్పుడు కిలోమీటర్లు చూడకండి, నేల మీద గంటలు చూడండి. పదిహేను వందల కిలోమీటర్లు చుట్టు తిప్పినా మూడు గంటల్లో అందుకునే కనెక్షను, దగ్గరి దారిలో తీసుకెళ్ళి తొమ్మిది గంటలు కూర్చోబెట్టే కనెక్షను కన్నా నయం.

ప్రశ్న: ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి హైదరాబాదులో బయల్దేరితే అదే ఆదివారం సాయంత్రం 4 గంటలకి డల్లాస్‌లో దిగుతారని టికెట్టులో ఉంది. పన్నెండు గంటల్లో అమెరికా వెళ్ళిపోతారా? తిరుగు టికెట్టులో ఆదివారం మధ్యాహ్నం 12కి ఎక్కితే సోమవారం రాత్రి 8.30కి దిగడం. వెళ్ళడానికి పూట, రావడానికి రోజున్నరా? (భీమవరం)

జవాబు: టికెట్టు మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారానిదే. ఎక్కేది మన గడియారం, దిగేది వాళ్ళది. వేసవిలో డల్లాస్ మనకన్నా 10.30 గంటలు వెనక. పడమటికి వెళ్ళేటప్పుడు గడియారాల తేడాకి ఆ పదిన్నర కలపాలి. 12 కి 10.30 కలిపితే 22.30 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు తీసెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం రాత్రి 8.30 దాకా 32.30, అందులోంచి 10.30 పోతే 22. రెండు ప్రయాణాలకీ తేడా అరగంటే.

చలికాలంలో ఈ తేడా 11.30 అవుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనకి ఆ పద్ధతి లేదు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడకి కాస్త తూర్పుగా, తుని దగ్గర నుంచి పోతుంది. అందుకే మన వైపు గడియారం, సూర్యుడు దాదాపు ఒక్క మాట మీద ఉంటాయి. డల్లాస్ గడియారం 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశానిది. రెండూ కలిపితే 172.5, దాన్ని 15తో భాగిస్తే పదకొండున్నర. తేడా ఎక్కడ నుంచి వచ్చిందో అదీ.

ఇంకొకటి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. టికెట్టులో 15వ తేదీ 00.30 అని ఉంటే 14వ తేదీ రాత్రి విమానం అది. 15వ తేదీ పగలంతా భోజనాలు చేసి రాత్రికి తీరిగ్గా బయల్దేరేవాళ్ళు వెళ్ళేసరికి విమానం వెళ్ళిపోయి ఒక రోజు అవుతుంది. అర్ధరాత్రి దాటాక ఉన్న టికెట్టు దేనికైనా ‘ముందు రోజు రాత్రి 9కి విమానాశ్రయంలో ఉండాలి’ అని క్యాలెండరు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: వెళ్ళేటప్పుడు దుబాయ్ నుంచి డల్లాస్‌కి 16 గంటలు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర. అదే దారి, అదే విమానం. భూమి తిరగడం వల్లనేనా? (పాలకొల్లు)

జవాబు: కాదండీ. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాల్లో ఈదుతుంది. పాపికొండలకి వెళ్ళే లాంచీని చూడండి. వెళ్ళేటప్పుడు గోదావరికి ఎదురు, వచ్చేటప్పుడు వాలు. ఇంజను ఒకటే, టైము వేరు. ఆకాశంలోనూ అలాంటి ఏరు ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీం. చలికాలంలో అది గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి లండన్ వెళ్ళే విమానం ఒకటి నేల మీద లెక్కకి గంటకి 1,290 కిలోమీటర్లు పోయింది. ధ్వని వేగం దాటిందని కాదు అర్థం. గాలిలో దాని వేగం మామూలే, ఆ గాలే పరుగెత్తింది.

వెళ్ళేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు చెల్లుకు చెల్లు అనుకుంటారు, అదీ కాదు. 9,000 కిలోమీటర్ల దూరం, 900 వేగం, గాలి 100 అనుకోండి. ఎదురుగాలిలో 800 చొప్పున 11.15 గంటలు, వెనకగాలిలో 1,000 చొప్పున 9 గంటలు. మొత్తం 20.15. గాలే లేకపోతే సరిగ్గా 20. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి ఆ నష్టం ఎప్పుడూ మిగులుతుంది. అందుకే విమానాలు రోజూ ఒకే గీత మీద పోవు. గాలిని బట్టి వెళ్ళేటప్పుడు ఏటిని తప్పించుకునే దారి, వచ్చేటప్పుడు ఏట్లో దిగే దారి గీసుకుంటాయి. కొన్ని రోజులు చుట్టు దారే ముందు చేరుస్తుంది.

ప్రశ్న: ఉత్తర ధ్రువం మీదుగా విమానాలు నిజంగా వెళ్తాయా? అంత చలికి ఇంధనం గడ్డకట్టదా? (కాకినాడ, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: వెళ్తాయి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య నేరుగా మొదలుపెట్టిన విమానం తొలి ప్రయాణంలో ధ్రువ ప్రాంతం మీదుగానే వచ్చింది, పైలట్లందరూ మహిళలే. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు.

మీ అనుమానం సరైనదే. మన దగ్గర వాడే జెట్ ఏ-1 ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు. అమెరికాలో ఎక్కువగా దొరికే జెట్ ఏకి మైనస్ 40. ధ్రువం దగ్గర బయట గాలి మైనస్ 65కి కూడా దిగుతుంది. విమానం వేగానికి గాలి రాపిడి రెక్కని కొంత వేడి చేస్తుంది, ట్యాంకులో ఇంధనం కూడా ఒక్కసారిగా చల్లబడదు, గంటల మీద చల్లబడుతుంది. పైలట్లు ఇంధనం ఉష్ణోగ్రతని మీటరు మీద చూస్తూనే ఉంటారు. గడ్డకట్టే హద్దుకి మూడు డిగ్రీల దూరంలోకి రానివ్వరు. వస్తుందనిపిస్తే వేగం పెంచుతారు, లేదా వెచ్చటి గాలి ఉన్న ఎత్తుకి దిగుతారు.

రెండో షరతు ఇంజన్లది. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే రెండోదాని మీద నిర్ణీత నిమిషాల్లో చేరగలిగే విమానాశ్రయం దారి పొడవునా అందుబాటులో ఉండాలి. ఆ నిమిషాలు విమానాన్ని బట్టి 180, 330 ఇలా ఉంటాయి. మూడోది ఈమధ్య అన్నిటికన్నా పెద్దదైంది: ఎవరి ఆకాశం ఎవరికి తెరిచి ఉంది. 2022 నుంచి అమెరికా, యూరప్ సంస్థలకి రష్యా ఆకాశం మూసేసింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసింది. దాంతో ఢిల్లీ నుంచి వెళ్ళే మన విమానాలు అరేబియా సముద్రం వైపు చుట్టి వెళ్ళాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాల్సి వచ్చింది. 2025 జూన్ 23న ఖతార్ ఆకాశం కొన్ని గంటలు మూతపడితే గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. పోయినేడు మీ అన్నయ్యకి పట్టిన టైము మీకూ పడుతుందనుకోకండి.

ప్రశ్న: దూరం ఎక్కువయ్యే చుట్టు దారి టికెట్టు చవక, నేరుగా వెళ్ళేది ఖరీదు. బస్సుకి లేని లెక్క విమానానికి ఎందుకు? (తణుకు)

జవాబు: బస్సు తన డీజిలు బరువుని పట్టించుకోదు, విమానానికి అదే ప్రాణం. బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకుల్లో 1,81,000 లీటర్లు పడుతుంది, దాదాపు 145 టన్నులు. గంటకి ఏడెనిమిది టన్నులు తాగుతుంది. పదహారో గంటలో కాల్చే ఇంధనాన్ని పదిహేను గంటలు మోసుకుంటూ పోవాలి. మోసే ప్రతి టన్నుకీ గంటకి 30 నుంచి 40 కిలోలు ఆ మోతకే ఖర్చవుతుంది. దారి మధ్యలో దిగి నింపుకుంటే ఆ మోత తప్పుతుంది. మరీ దూరమైతే సీట్లే తగ్గించాలి. ప్రపంచంలో అతి పొడుగాటి సర్వీసు సింగపూర్, న్యూయార్క్ మధ్యది. సుమారు 15,350 కిలోమీటర్లు, 18 గంటల పైన. ఆ విమానంలో ఉన్నవి 161 సీట్లు, మామూలు ఎకానమీ తరగతే లేదు.

చవకకి ఇంకో కారణం వ్యాపారం. రాజమండ్రి వాళ్ళనీ ఢాకా వాళ్ళనీ నైరోబీ వాళ్ళనీ దుబాయ్‌లో పోగేసి ఒకే విమానంలో నింపుతారు. హైదరాబాదు నుంచి డల్లాస్ వాళ్ళతోనే రోజూ 350 సీట్లు నింపడం వేరే సంగతి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఒక టికెట్టు, అక్కణ్ణుంచి అమెరికాకి ఇంకో టికెట్టు విడిగా తీసుకుంటే ఎనిమిది వేలు మిగులుతోంది. తీసుకోవచ్చా? మధ్యలో రెండున్నర గంటలు ఉంది. (మండపేట)

జవాబు: వద్దు. రెండున్నర గంటలకైతే అసలు వద్దు.

రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడివిడిగా కొంటే రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అంతే. లక్షన్నర టికెట్టు గాలికి పోతుంది. చాలామంది తిరుగు టికెట్టు కూడా దానితోనే రద్దవుతుందని అక్కడికి వెళ్ళాకే తెలుసుకుంటారు.

గంటలు లెక్కెయ్యండి. విడి టికెట్లయితే హైదరాబాదులో పెట్టెలు బయటికి తీసుకుని, పైఅంతస్తుకి వెళ్ళి మళ్ళీ లైన్లో నిలబడాలి. పెట్టెలు రావడానికి అరగంట. విదేశీ విమానాల కౌంటరు బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు. అంటే మీ రెండున్నర గంటల్లో నిజంగా చేతిలో ఉన్నది గంట. చలికాలం పొద్దున మంచు పట్టినా, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను గాలి లేచినా మధురపూడి విమానం గంటన్నర ఆలస్యం కావడం వింతేమీ కాదు.

ఆ ఎనిమిది వేలు మిగుల్చుకోవాల్సిందే అనుకుంటే ముందు రోజు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరండి. పొద్దున్నే హైదరాబాదులో దిగి, పుష్పక్ బస్సులో శంషాబాద్ వెళ్తే రాత్రి విమానానికి రోజంతా చేతిలో ఉంటుంది. ఒళ్ళు అలుస్తుంది, గుండె కొట్టుకోదు. కోనసీమ వాళ్ళు రావులపాలెం వచ్చి రాత్రి బస్సు ఎక్కినా అంతే.

ఒకే పీఎన్ఆర్ అయితే ఒక్క పని మరవకండి. మధురపూడి కౌంటరులో పెట్టెకి కట్టిన చీటీ మీద చివరి ఊరి అక్షరాలు చదవండి. డల్లాస్‌కైతే డీఎఫ్‌డబ్ల్యూ అని ఉండాలి. హెచ్‌వైడీ అని ఉంటే పెట్టె హైదరాబాదులోనే దిగిపోతుంది. కౌంటరు వదలక ముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు. అమెరికాలో షికాగోలాంటి చోట దిగి ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, చీటీ ఏ ఊరికున్నా, మొదట దిగిన చోట పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ ఇవ్వాలి. తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాదులోనూ అంతే. ఈ రెండు చోట్లా మూడు గంటల కన్నా తక్కువ కనెక్షను పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా చెల్లెలు కువైట్ వెళ్తోంది. ఎన్ని గంటలు పడుతుంది? వాళ్ళకీ మనకీ టైము తేడా ఎంత? (రాజోలు)

జవాబు: హైదరాబాదు నుంచి కువైట్ 3,370 కిలోమీటర్లు, నేరుగా వెళ్తే ఐదు గంటల లోపు. తేడా రెండున్నర గంటలు, మనకి రాత్రి 10 అయితే అక్కడ 7.30. దోహా, బహ్రెయిన్, సౌదీ కూడా అంతే. దుబాయ్, మస్కట్‌లకి గంటన్నరే. దూరం మస్కట్‌కి 2,210, దోహాకి 2,910. గల్ఫ్ దేశాల్లో ఎండాకాలం చలికాలం గడియారాలు మార్చరు, ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు.

పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) అని ఉంటే ఉద్యోగానికి వెళ్ళేముందు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అది లేకపోతే శంషాబాద్‌లో ఇమిగ్రేషను దగ్గరే ఆపేస్తారు. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తానన్న ఏజెంటు మాట నమ్మవద్దు.

ప్రశ్న: మా పిల్లలకి కురిడీ కొబ్బరి, ఆవకాయ, పూతరేకులు పంపాలనుకుంటున్నాం. దేన్ని ఎందులో పెట్టాలి? (అంబాజీపేట)

జవాబు: కురిడీలు ఎందులోనూ పెట్టకండి. కొబ్బరి ఊళ్ళోవాళ్ళకి ఈ మాట మింగుడు పడదని తెలుసు. నూనె దిట్టంగా ఉన్న ఎండు కొబ్బరి తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. చేతి సంచిలోనూ వద్దంటారు, పెట్టెలోనూ వద్దంటారు. పెట్టెలో ఎక్స్‌రేకి దొరికితే మిమ్మల్ని గేటు దగ్గర నుంచి వెనక్కి పిలిపించి తీయిస్తారు, కనెక్షను టైములో అరగంట దానికే పోతుంది. శబరిమల ఇరుముడిలో టెంకాయని విమానంలోకి అనుమతించింది మండల, మకరవిళక్కు రోజులకి మాత్రమే ఇచ్చిన ప్రత్యేక సడలింపు, దాన్ని చూపించి వాదించకండి. కొబ్బరి కావాలంటే కొబ్బరి లౌజు చేసి పంపండి.

ఆవకాయ లగేజీ పెట్టెలోనే. నూనె ఉన్న పచ్చడిని ద్రవం కింద లెక్కగడతారు, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే పోయినట్టే. మధురపూడిలో దాటినా దుబాయ్‌లో మళ్ళీ తనిఖీ ఉంటుంది. సీసా ఎందుకు కారుతుందో తెలిస్తే కట్టడం తేలిక. పైకెక్కాక లగేజీ గదిలో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదానికి ముప్పాతిక వంతుకి పడిపోతుంది, మూత బిగించిన సీసాలో గాలి మూడో వంతు ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది. కాబట్టి ఖాళీ జాగా ఉన్న సీసా వద్దు. మందపాటి కవర్లో గాలి పిండేసి వేడితో అతికించి, దానిపైన ఇంకో కవరు, మధ్యలో పాత న్యూస్‌పేపరు. ఒక్కో కవరు అరకిలో మించకుండా చేస్తే ఒకటి చిట్లినా చీరలు బతుకుతాయి. మాంసం పచ్చళ్ళు అమెరికాకి వద్దు. తినుబండారాలు ఉన్నాయని అక్కడ కస్టమ్స్ వాళ్ళకి నిజం చెప్పండి. చెప్పినవాళ్ళకి పోతే పచ్చడి పోతుంది, దాచినవాళ్ళకి జరిమానా పడుతుంది.

పూతరేకులు చేతి సంచిలో, గట్టి అట్టపెట్టెలో.

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్ళు, షుగరు ఉంది, రెండు పూటలా ఇన్సులిన్. రోజు ఎంత పొడుగవుతుందో అర్థం కావట్లేదు, మందులు ఏ గడియారం ప్రకారం వెయ్యాలి? (నరసాపురం)

జవాబు: పడమటికి వెళ్ళిన రోజు 24 గంటలు ఉండదు, వేసవిలో డల్లాస్‌కైతే ముప్పై నాలుగున్నర. దిగేదాకా అమ్మగారి చేతి గడియారం మన టైములోనే ఉంచండి. మందుకీ మందుకీ మధ్య గంటలు చూడండి, కిటికీలో పగలో రాత్రో చూడకండి. విమానంలో భోజనం వాళ్ళ టైముకి వస్తుంది. ట్రే చేతికి వచ్చాకే ఇన్సులిన్ వెయ్యాలి. వేశాక కుదుపులొచ్చి భోజనాలు ఆపేస్తే షుగరు పడిపోతుంది. ఆ పొడుగు రోజుకి అదనపు మోతాదు కావాలా, దిగిన రోజు ఎలా మార్చాలి అన్నది ఇన్సులిన్ రకాన్ని బట్టి ఉంటుంది. ప్రయాణానికి రెండు వారాల ముందు టికెట్టు కాగితం తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించి టైములు రాయించుకోండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో గడ్డకడితే అది పనికిరాదు. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించి దానితో పాటే ఉంచండి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నడవ పక్క సీటు తీసుకోండి, గంటన్నరకోసారి లేపి నడిపించండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండమనండి. బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు మానేస్తారు పెద్దవాళ్ళు. లోపలి గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువ, మానకూడదు. వీల్‌చైరు 48 గంటల ముందే చెప్పి పెట్టుకోండి. నడవగలిగినవాళ్ళకైనా సరే, దుబాయ్‌లో గేటు నుంచి గేటుకి నడక చాలా దూరం.

ప్రశ్న: పడమటికి వెళ్ళే విమానంలో సూర్యుడు అస్తమించకుండా చెయ్యొచ్చా? (పెనుగొండ, హైస్కూల్ విద్యార్థి)

జవాబు: భేషైన ప్రశ్న. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకి 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మన అక్షాంశం దగ్గర 1,600. విమానం 900 పోతే సూర్యుడే గెలుస్తాడు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ భూమి చుట్టుకొలత తగ్గి ఆ వేగం తగ్గుతుంది. 57 డిగ్రీల అక్షాంశం దాటితే 900 కన్నా తగ్గిపోతుంది. అంతకన్నా పైన సరిగ్గా పడమటికి పోతుంటే, అస్తమిస్తున్న సూర్యుడు అక్కడే నిలబడతాడు, ఇంకా పైకెళ్తే తిరిగి పైకి లేస్తాడు కూడా. 1,670ని అక్షాంశం కొసైనుతో హెచ్చవేసి మీరే చూసుకోండి.